ఫుల్ లైటు వెలిగితే ట్యాంకు ఫుల్ అయినట్టేనా? మోటార్‌హోమ్ సెన్సార్ల మీద నా గోల

ఈసారి ఫోను గురించి కాదు, ఇయర్‌బడ్స్ గురించి కూడా కాదు. ఒక చిన్న ఎర్ర లైటు గురించి. ఆ లైటు చెప్పిన మాట నమ్మి మా అమ్మ ఒక రాత్రంతా నీళ్లు తాగకుండా ఉండిపోయింది. అదెలా జరిగిందో, ఆ లైటు ఎందుకు అబద్ధం చెప్పిందో, దాన్ని ఎలా పట్టుకున్నామో చెప్తా. చివర్లో మన రివ్యూల మీద కూడా ఒక కంప్లైంట్ ఉంది, అక్కడిదాకా ఓపిక పట్టండి.

ముందు కథ. నేను ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. రూమ్మేట్, నేను డబ్బులు కలిపి ఒక సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొన్నాం. అదే, చక్రాల మీద ఇల్లు: వంటగది, మంచాలు, బాత్రూం అన్నీ బండిలోనే. మే నెలలో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తే వాళ్లని గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి తీసుకెళ్లా. దాదాపు 230 మైళ్లు. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు బుక్ చేశా. అక్కడ చెట్ల మధ్య చోటు బాగుంటుంది గానీ బండికి కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఉండవు. వాడిన నీళ్లన్నీ బండి ట్యాంకుల్లోనే ఉంచుకుని, తర్వాత డంప్ స్టేషన్‌లో వదిలేయాలి.

మోటార్‌హోమ్‌లో మామూలుగా మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లది. రెండోది గ్రే ట్యాంక్, సింకు, షవర్ నీళ్లకి. మూడోది బ్లాక్ ట్యాంక్, టాయిలెట్‌ది. వాడిన నీళ్లు పట్టి ఉంచే ఈ రెండింటినీ హోల్డింగ్ ట్యాంకులు అంటారు. మా బండిలో బ్లాక్ ట్యాంకు 30 గ్యాలన్లు, అంటే దాదాపు 113 లీటర్లు. గోడ మీద ఒక ప్యానెల్, దానికి ఒక బటన్. నొక్కితే నాలుగు లైట్లు: ఖాళీ, 1/3, 2/3, ఫుల్.

మొదటి రోజు రాత్రి బటన్ నొక్కితే ఫుల్ లైటు వెలిగింది. నా గుండె జారింది. బ్లాక్ ట్యాంక్ పొంగితే ఎటొస్తుందో వివరంగా చెప్పక్కర్లేదు కదా. నేను మామూలుగానే, "అమ్మా, ట్యాంకు నిండిపోయినట్టుంది, కాస్త చూసుకుని వాడండి" అనేసి పడుకున్నా.

మా అమ్మకి షుగర్ ఉంది. రాత్రి రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో వేరే బాత్రూంలు ఉన్నాయి, కానీ మేలో కూడా అక్కడ రాత్రిపూట చలి గట్టిగానే ఉంటుంది, పైగా చీకటి. ఆవిడ ఎవరినీ లేపదు, ఇబ్బంది పెట్టదు. తనకి తోచిన పరిష్కారం ఒకటే: నీళ్లు తాగడం మానేయడం. సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు, పొడిగాలి. పొద్దున్న రిమ్ దగ్గరికి నడుస్తుంటే కళ్లు తిరుగుతున్నాయని బెంచీ మీద కూర్చుండిపోయింది. "నీళ్లు తాగావా?" అంటే, "నిండిపోయిందన్నావు కదరా నాన్నా" అంది.

ఎదురుగా గ్రాండ్ కాన్యన్. నాకేమీ కనిపించలేదు.

బండికి తీసుకొచ్చి, గ్లూకోమీటర్‌తో షుగర్ చూశాం, ఫర్వాలేదు. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాం. మధ్యాహ్నానికి తేరుకుంది. అప్పుడు నేను, నాన్న కలిసి ఆ లైటు సంగతి చూడ్డం మొదలుపెట్టాం.

ముందు లెక్క, తర్వాత స్క్రూడ్రైవర్

సిగ్గుగా చెప్తున్నా, నాన్న అడిగిన మొదటి ప్రశ్నకే నా బీటెక్ తేలిపోయింది. "నిన్న ఎన్నిసార్లు ఫ్లష్ చేసుంటాం రా?"

లెక్కేశాం. బయల్దేరే ముందు ట్యాంకు ఖాళీ చేసి, అడుగున ఉండాలని ఓ 15 లీటర్ల నీళ్లు పోశా. ముగ్గురం కలిపి రాత్రి వరకు పన్నెండు సార్లు అనుకుందాం. మా అలవాటు ప్రకారం నీళ్లతో కడుక్కోవడం కూడా కలిపి సారికి 2 లీటర్లు. మొత్తం 15 కి 24 కలిపితే 39 లీటర్లు. 113 లో 39 అంటే మూడో వంతుకి కాస్త పైన. ఎంత ధారాళంగా లెక్కేసినా సగం కూడా కాదు.

అంటే లైటు చెప్పేది జరిగే పనే కాదు. అది తెలుసుకోవడానికి మల్టీమీటర్ అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. కానీ రాత్రి నేను ఆ కూడిక చెయ్యలేదు. ఎందుకంటే లైటు వెలిగింది. లైటు వెలిగితే మనం ఆలోచించడం ఆపేస్తాం.

రెండో సాక్ష్యం కూడా కళ్ల ముందే ఉంది. బటన్ మళ్లీ నొక్కి సరిగ్గా చూస్తే ఖాళీ లైటు వెలుగుతోంది (మా ప్యానెల్‌లో అది ఎప్పుడూ వెలుగుతుంది, కరెంటు ఉందని చెప్పడానికి), 1/3 వెలుగుతోంది, ఫుల్ వెలుగుతోంది. 2/3 మాత్రం వెలగడం లేదు! నీళ్లు మధ్య మెట్టు ఎక్కకుండా పై మెట్టుకి ఎలా చేరతాయి? 1/3 లైటు నిజం చెప్తోంది, ఫుల్ లైటు అబద్ధం చెప్తోంది. రాత్రి నేను ఎర్రగా ఉన్న చివరి లైటు ఒక్కటే చూశా.

మూడో సాక్ష్యానికి టార్చ్ చాలు. మా బండిలో టాయిలెట్ సరిగ్గా ట్యాంకు పైనే ఉంది. పెడల్ నొక్కి టార్చ్ వేస్తే లోపల మట్టం ఎక్కడో కింద కనిపించింది. అందమైన దృశ్యం కాదు గానీ, ఇంతకంటే నమ్మకమైన సెన్సార్ లేదు.

ఇది మన మిద్దె మీద ట్యాంకే కదరా!

బండి పక్క కంపార్ట్‌మెంట్ తలుపు తీస్తే ట్యాంకు గోడ కనిపించింది. దానికి ఒకదానిపైన ఒకటి నాలుగు స్క్రూల్లాంటివి, ఒక్కోదానికి ఒక్కో వైరు. నాన్నకి తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. చూడగానే నవ్వాడు. "ఒరేయ్, ఇవి మన మిద్దె మీద ట్యాంకులో రాడ్లే కదరా!"

నిజమే. ఇంట్లో మోటార్ దానంతటదే ఆగడానికి పెట్టుకునే వాటర్ లెవెల్ కంట్రోలర్లు చాలావాటిలో ఉండేది ఈ సూత్రమే. అడుగున ఒక కామన్ రాడ్. వేర్వేరు ఎత్తుల్లో మిగతావి. మామూలు నీళ్లలో కరిగిన లవణాలు ఉంటాయి కాబట్టి వాటి గుండా కాస్త కరెంటు పోతుంది. నీళ్లు ఒక రాడ్డుని తాకితే కామన్‌కీ దానికీ మధ్య దారి ఏర్పడుతుంది, లైటు వెలుగుతుంది. అంతే. మోటార్‌హోమ్‌లో ఇది 12 వోల్టుల మీద నడుస్తుంది.

గమనించండి, ఈ సెన్సార్ నీళ్ల మట్టం కొలవడం లేదు. "ఈ స్క్రూకీ ఆ స్క్రూకీ మధ్య తడి దారి ఏదైనా ఉందా?" అని మాత్రమే అడుగుతోంది. ఆ దారి నీళ్లదా, గోడకి అంటుకున్న తడి టాయిలెట్ పేపర్‌దా, జిడ్డు మురికి పొరదా, దానికి తెలీదు. ఫీనిక్స్ నుంచి ఎక్కుతూ వచ్చిన రోడ్డు మీద ట్యాంకులో సరుకంతా చిలికినట్టు ఊగి, పై స్క్రూ దగ్గర ఏదో అంటుకుంది. అదే మా ఫుల్ లైటు.

నాన్న చెప్పిన ఇంకో మాట నాకు బాగా నచ్చింది. "మన బోరు నీళ్లకి రాడ్లకి గార పడుద్ది. గార పట్టిందంటే నీళ్లు తగిలినా కంట్రోలర్‌కి తెలీదు, మోటార్ ఆగదు, ట్యాంకు పొంగిపోద్ది." అక్కడ గార కరెంటుని అడ్డుకుని నిండిన ట్యాంకుని ఖాళీ అంటుంది. ఇక్కడ తడి మురికి కరెంటుని పోనిచ్చి ఖాళీ ట్యాంకుని నిండింది అంటుంది. సూత్రం ఒకటే, అబద్ధాలు రెండు రకాలు.

తప్పు ట్యాంకులోనా, వైర్లోనా, ప్యానెల్లోనా?

ఇది మనకి బాగా తెలిసిన డీబగింగే. సిస్టమ్‌ని మధ్యలో కోసి, తప్పు ఎటువైపు ఉందో చూడాలి. మేం చేసిన వరస ఇదీ.

1. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర్లోని డంప్ స్టేషన్‌కి వెళ్లి ముందు బ్లాక్, తర్వాత గ్రే ట్యాంకు ఖాళీ చేశాం. ఈ వరస మార్చకూడదు, గ్రే నీళ్లు చివర్లో పోతే పైపు కాస్త శుభ్రపడుతుంది. ఖాళీ చేశాక బటన్ నొక్కాం. 1/3 ఆరిపోయింది, ఫుల్ ఇంకా వెలుగుతోంది. అనుమానం ఖాయమైంది.

2. చేతులకి గ్లౌజులు వేసుకుని, పై స్క్రూ నుంచి వైరు విప్పాం. ఫుల్ లైటు ఆరిపోయింది. అంటే ఆ అబద్ధం ట్యాంకు లోపలి నుంచే వస్తోంది. ఒకవేళ వైరు విప్పినా లైటు వెలుగుతూనే ఉంటే, వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఇంకోదానికి తగులుతున్నట్టు, లేదా ప్యానెల్ బోర్డే పాడైనట్టు.

3. విప్పిన వైరుని కామన్ స్క్రూకి ఒక్క క్షణం తాకించాం. ఫుల్ వెలిగింది. అంటే వైరు, ప్యానెల్ రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఇలా తాకించినా వెలగకపోతే వైరు తెగిందో, టెర్మినల్ తుప్పు పట్టిందో చూడాలి.

4. 2/3 వైరుకి కూడా ఇదే పరీక్ష చేశాం. వెలిగింది. అంటే అది రాత్రి వెలగకపోవడం తప్పు కాదు, నిజం చెప్పడమే. ఎలాగూ తలుపు తీశాం కదా అని టెర్మినళ్లన్నీ బాగా తుడిచి బిగించాం.

అన్ని బండ్లలో వైరింగ్ ఇలాగే ఉండదు. కొన్నింట్లో స్క్రూల దగ్గరే రెసిస్టర్లు పెట్టి అన్నిటినీ ఒకే వైరు మీద ప్యానెల్‌కి పంపుతారు, అక్కడ వోల్టేజీ తేడాని బట్టి మట్టం చూపిస్తుంది. కొన్ని బండ్లలో ట్యాంకు కింద కవరు విప్పితే గానీ స్క్రూలు కనపడవు. కాబట్టి మీ బండి వైరింగ్ బొమ్మ ముందు చూసుకోండి. ఆలోచన మాత్రం అదే: విప్పి చూడు, తాకించి చూడు.

ఇదంతా పావుగంట పని. నేను అంతకుముందే ఫోన్లో కొత్త ప్యానెల్ రేట్లు చూస్తున్నానని నాన్నకి చెప్పలేదు. కొత్త ప్యానెల్ వేసుంటే ఏమయ్యేది? అదే అబద్ధాన్ని కొత్త లైట్లతో చూపించేది.

కడగడం ఎలా

ఖాళీ చేసినంత మాత్రాన గోడకి పట్టింది పోదు. తిరుగు ప్రయాణానికి ముందు బ్లాక్ ట్యాంకుని ముప్పావు పైగా నీళ్లతో నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త పోశాం. ఫుల్ స్క్రూ పైన ఉంటుంది కాబట్టి అడుగున నాలుగు లీటర్లు పోసి ఊపితే లాభం లేదు. అలా నింపితే 100 కిలోల దాకా అదనపు బరువు, అది మీ బండి మోయగలదో లేదో చూసుకోవాలి. ఫీనిక్స్ దాకా రోడ్డే దాన్ని గిలక్కొట్టింది. అక్కడ డంప్ చేసి, టాయిలెట్ లోంచి పొడవాటి స్ప్రే వాండ్ దింపి గోడలు కడిగాం. అయినా లైటు ఆరలేదు. మళ్లీ నింపి, ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ కడిగితే అప్పుడు ఆరింది. మొదటిసారికే పోలేదని ప్యానెల్ మీద నింద వెయ్యకండి.

ఐస్ ముక్కలు వేసి బండి నడిపితే శుభ్రపడుతుందని చాలామంది చెప్తారు. నాకు నమ్మకం లేదు. ఐసు తేలుతుంది, కరుగుతుంది, గట్టిగా పట్టిన మురికిని గీకేంత బలం దానికెక్కడిది? నీళ్లు, నానబెట్టడం, సూటిగా కొట్టే ధార, ఈ మూడే పని చేస్తాయని నా అభిప్రాయం.

ఇక మళ్లీ పట్టకుండా ఉండాలంటే: నీళ్లు ఎక్కువ వాడండి. ఈ విషయంలో మన అలవాటే మంచిది. పేపర్ తక్కువ, నీళ్లు ఎక్కువ కాబట్టి ట్యాంకు తొందరగా నిండుతుంది గానీ గోడకి తక్కువ అంటుకుంటుంది. డ్రైనేజీ కనెక్షన్ ఉన్న పార్కులో కూడా బ్లాక్ వాల్వ్ తెరిచి ఉంచకండి, నీళ్లు పోయి గట్టిది కుప్పలా మిగిలిపోతుంది. గ్రే ట్యాంకుకి శత్రువు నూనె. పోపు గిన్నె, నెయ్యి ప్లేటు కడిగే ముందు పేపర్‌తో తుడిచేయండి. మా గ్రే ట్యాంకు ఎప్పుడూ 2/3 దగ్గర ఆగిపోవడానికి కారణం ఎవరో వంకాయ వేపుడు తిన్న నాకు బాగా తెలుసు.

నా అసలు కంప్లైంట్

ఇప్పుడొచ్చే కొత్త మోటార్‌హోమ్‌లలో టచ్ స్క్రీన్లు, బ్లూటూత్ యాప్‌లు వస్తున్నాయి. ట్యాంకు బొమ్మ, అందులో నీలం రంగు అలలు, పక్కన శాతం. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ శాతం వెనక అవే స్క్రూలు ఉంటే, 66% అంటే నిజానికి 66 కాదు. "రెండో మెట్టు దాటింది, పై మెట్టు ఇంకా చేరలేదు" అని మాత్రమే. 67 కావచ్చు, 95 కావచ్చు. నాలుగు లైట్ల ప్యానెల్ కనీసం తనకి తెలిసింది నాలుగు ముక్కలే అని ఒప్పుకుంటుంది. యాప్ మాత్రం తెలియనిది కూడా తెలిసినట్టు చూపిస్తుంది.

ఇంకో సంగతి. 1/3 వెలిగి, 2/3 ఆరి, ఫుల్ వెలిగిన ఆ వింత పరిస్థితి మా పాత ప్యానెల్‌లో కంటికి కనిపించింది. అదే చాలా మంది మా లాంటి కోడర్లు యాప్ రాస్తే ఏం చేస్తారు? అన్నిటికంటే పై సెన్సార్ విలువ తీసుకుని 100% అని చూపిస్తారు. నేనూ అలాగే రాసేవాణ్ని. తప్పుని పట్టించే ఒక్క ఆధారాన్నీ మన ఒక్క లైను కోడ్ మింగేస్తుంది. రాయాల్సింది ఇంకో లైను: "ఈ రీడింగ్ కుదరదు, సెన్సార్ మురికి పట్టి ఉండొచ్చు". అది కూడా ఒక్క ఇఫ్ కండిషనే కదా!

మెరుగైన సెన్సార్లు లేవా అంటే ఉన్నాయి. గార్నెట్ వాళ్ల సీలెవెల్ లాంటివి ట్యాంకు బయట అతికించే పట్టీతో ప్లాస్టిక్ గోడ గుండానే మట్టం పసిగట్టి శాతంలో చూపిస్తాయి. మురికిలో మునిగే స్క్రూలు లేవు కాబట్టి ఈ జబ్బు బాగా తగ్గుతుంది. డబ్బులు పెట్టేట్టయితే నేను వీటి మీదే పెడతా, స్క్రీన్ మీద కాదు. అయితే లోపల మందంగా పేరుకుపోతే వీటికీ ఇబ్బందే, బయట అతికించడానికి సరైన చోటు కూడా ఉండాలి.

ఇది ఒక్క మోటార్‌హోమ్ గొడవ కాదు ఫ్రెండ్స్. మన ఫోన్లో బ్యాటరీ శాతం కూడా నేరుగా కొలిచింది కాదు. వోల్టేజీ, లోపలికి బయటికి పోయిన కరెంటు చూసి వేసిన అంచనా. అందుకే పాత ఫోను చలిలో 20% అని చూపిస్తూనే ఠక్కున ఆరిపోతుంది. ప్రతి అంకె వెనకా ఒక సెన్సార్ ఉంటుంది, అది మనం అడిగింది కాకుండా దాని పక్కింటి దాన్ని కొలుస్తూ ఉంటుంది.

మరి రివ్యూల్లో మనం ఏం చేస్తున్నాం? కొత్త పెట్టె విప్పి, శుభ్రమైన సెన్సార్‌ని మొదటి వారం వాడి, స్క్రీన్ బాగుందని మార్కులు వేసేస్తున్నాం. కొత్త ట్యాంకులో ఏ సెన్సార్ అయినా నిజమే చెప్తుంది. మురికి పట్టాక ఏం చెప్తుంది? తప్పు చెప్తున్నప్పుడు తప్పని ఒప్పుకుంటుందా, లేక మొండిగా 100% అంటుందా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు లేని రివ్యూని నేను ఇకనుంచి సగం రివ్యూగానే చూస్తా.

ఆ మిగతా రెండు రోజులు మేం ఎలా గడిపామో చెప్పి ముగిస్తా. నాన్న బాత్రూం తలుపు మీద ఒక తెల్ల కాగితం అంటించి, దారానికి పెన్సిల్ కట్టాడు. ఫ్లష్ చేసిన ప్రతిసారీ ఒక గీత. 40 గీతలు అయితే డంప్ స్టేషన్‌కి వెళ్లాలని లెక్క. మేం వెళ్లేసరికి 34 గీతలున్నాయి. అందులో ఎక్కువ అమ్మవే, మూడో రోజు తను రిమ్ వెంట నాకంటే ముందు నడిచింది, చేతిలో నీళ్ల సీసాతో.

ఇప్పుడు ఫుల్ లైటు సరిగ్గానే పని చేస్తోంది. అయినా ఆ కాగితం మాత్రం తీయలేదు.